శామ్ అండ్ మ్యాక్స్ సేవ్ ద వరల్డ్: తప్పు క్లిక్కులకే ఎక్కువ మాటలు రాసిన ఆట

ఆరు ఎపిసోడ్లు. నిదానంగా ఆడితే ఒక్కోటి రెండు మూడు గంటలు. చాలావరకు ఒకే వీధి, అవే నాలుగు తలుపులు. లెక్క చూస్తే చిన్న ఆటే. అయినా పీసీ మీద వచ్చిన హాస్య అడ్వెంచర్లలో (వస్తువుల మీద క్లిక్ చేస్తూ, పాత్రలతో మాట్లాడుతూ చిక్కుముళ్లు విప్పే కథా ఆటలివి), ఈ తరహా ఆటలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల చేతిలో మొట్టమొదట పెట్టదగ్గది 'శామ్ అండ్ మ్యాక్స్ సేవ్ ద వరల్డ్'.

చాలా అడ్వెంచర్ ఆటలు కుదరని పని చేయబోతే "అది కుదరదు" అన్న ముక్కనే పదేపదే వినిపిస్తాయి. ఇక్కడ కుదరని పనికీ ఒక జవాబు రాసి పెట్టారు. పైగా ఆ జవాబులోనే తర్వాత ఏం చేయాలో సగం చెప్పేస్తారు. ఈ సంగతి తెలిసి ఆడితే ప్రతి గదిలోనూ నవ్వు దొరుకుతుంది. తెలియక పక్కన వాక్‌త్రూ (జవాబులన్నీ వరసగా చెప్పేసే గైడు) తెరుచుకుని పరిగెడితే ఎపిసోడ్ చిటికెలో అయిపోయి "ఇంతేనా?" అనిపిస్తుంది. ఆటను తిట్టినవాళ్లలో చాలామంది ఆ రెండో దారిలో వెళ్లినవాళ్లే.

కొత్తవాళ్లు ముందుగా చేయాల్సినవి నాలుగు. రీమాస్టర్ (మెరుగుపరిచి మళ్లీ విడుదల చేసిన రూపం) తీసుకోండి. సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి. వాక్‌త్రూ మూసేయండి. రోజుకి ఒక ఎపిసోడ్ మించి ఆడకండి.

ఈ జంట ఎవరు, ఆట ఎందుకిలా ఉంది

శామ్ సూటూ టోపీ వేసుకున్న కుక్క. నిదానస్తుడు, మాటకారి. మ్యాక్స్ తెల్లటి కుందేలు లాంటి జీవి. ఒంటి మీద నూలుపోగు ఉండదు, కొట్లాటకి చిన్న సాకు దొరికితే చాలు. ఇద్దరూ ఫ్రీలాన్స్ పోలీసులు. 1987లో స్టీవ్ పర్సెల్ కామిక్ పుస్తకంతో పరిచయం చేసిన జంట ఇది. 1993లో లూకాస్ ఆర్ట్స్ వీళ్లతో 'హిట్ ద రోడ్' అనే ఆట చేసింది. దాని తర్వాత చేపట్టిన కొత్త ఆటను 2004 మార్చిలో మధ్యలోనే ఆపేసింది. అదే ఏడాది ఆ సంస్థలో పనిచేసి బయటికొచ్చినవాళ్లు టెల్‌టేల్ గేమ్స్ పెట్టారు. కొన్నాళ్లకి శామ్, మ్యాక్స్ వాళ్ల చేతికి వచ్చారు. పాత ఆటలు తెలియకపోయినా ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. తెలియాల్సినదంతా మొదటి పది నిమిషాల్లో తెలుస్తుంది.

మొదటి ఎపిసోడ్ 'కల్చర్ షాక్' 2006 అక్టోబరు 17న గేమ్‌ట్యాప్ అనే ఆన్‌లైన్ ఆటల సర్వీసులో వచ్చింది, రెండు వారాలకి టెల్‌టేల్ సొంత సైట్‌లో. రెండోదానికి డిసెంబరు దాకా ఆగాలి. ఆ తర్వాత నెలకొకటి చొప్పున 2007 ఏప్రిల్‌కల్లా ఆరూ వచ్చేశాయి. ఎపిసోడ్లుగా వస్తామని చెప్పి మధ్యలో ఆగిపోయే ఆటలున్న కాలంలో నెలనెలా మాట నిలబెట్టుకోవడం పెద్ద విషయమే. కానీ నెలకొక ఎపిసోడ్ అంటే ప్రతిసారీ కొత్త ఊరు కట్టడం కుదరదు. అందుకే శామ్, మ్యాక్స్‌ల ఆఫీసు, వాళ్ల వీధి, బాస్కో అనే అతని కొట్టు, సిబిల్ అనే ఆవిడ గది ప్రతి ఎపిసోడ్‌లోనూ తిరిగొస్తాయి. వాటికి తోడు ఒకటో రెండో కొత్త చోట్లు. ఈ సీజన్ మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఆరింటినీ రెండు రోజుల్లో మింగేస్తే ఆ ఫిర్యాదు నిజమే అనిపిస్తుంది కూడా.

వరసగా ఆడకుండా మధ్య మధ్య రెండు మూడు రోజులు వదిలి ఆడితే పరిస్థితి తిరగబడుతుంది. రెండో ఎపిసోడ్ నుంచి బాస్కో ప్రతిసారీ కొత్త వేషంలో ఉంటాడు: ఒకసారి ఇంగ్లిష్ దొర, ఒకసారి ఫ్రెంచివాడు, ఒకసారి రష్యన్, ఆఖర్న తన సొంత అమ్మ. సిబిల్ ప్రతిసారీ కొత్త ఉద్యోగంలో ఉంటుంది. మొదట మనస్తత్వ వైద్యురాలు, తర్వాత టాబ్లాయిడ్ పత్రిక నడుపుతుంది, ఆ తర్వాత కూలి సాక్షి, డేటింగ్ సర్వీసు, బీటా టెస్టర్... ఆఖరి ఎపిసోడ్‌లో ఎక్కడ తేలుతుందో చెప్పను. పాత గదిలోకి వెళ్లి "ఈసారి ఏం మారింది?" అని వెతుక్కోవడమే ఈ ఆటలో ఒక సరదా. మూడో ఎపిసోడ్‌లో పేకాట దగ్గర తగిలే లియొనార్డ్ తర్వాత శామ్ ఆఫీసు అల్మరాలోనే కట్టేసి కనిపిస్తాడు. అల్మరా తలుపు తీసి చూసినవాళ్లకే ఆ నవ్వు దక్కుతుంది. కాబట్టి ప్రతి ఎపిసోడ్ మొదట్లోనూ ఆఫీసులో ఉన్న ప్రతి వస్తువు మీదా మళ్లీ క్లిక్ చేయండి. పోయినసారి విన్న మాటలే వినిపిస్తాయని వదిలేస్తే చాలా పోగొట్టుకుంటారు.

మొదటి పజిల్ చాలు, మిగతావన్నీ అర్థమవుతాయి

ఈ ఒక్క పజిల్ జవాబు చెప్పేస్తున్నాను. ఎలాగూ మొదటి ఐదు నిమిషాల్లోదే, పైగా మొత్తం సీజన్‌కి తాళంచెవి ఇదే.

ఫోను మోగుతుంది, కానీ ఫోను లేదు. జిమ్మీ టూ-టీత్ అనే ఎలుక దాన్ని ఎత్తుకుపోయి గోడ కన్నంలో కూర్చున్నాడు. స్విస్ చీజ్ ఇస్తేనే ఇస్తానంటాడు. అల్మరాలో చీజ్ ఉంది, కానీ దానికి చిల్లుల్లేవు. ఇక శామ్ దగ్గర ఉన్నది తుపాకీ. చీజ్ మీద తుపాకీ వాడితే చిల్లులు పడతాయి, స్విస్ చీజ్ తయార్. ఎలుకకిస్తే ఫోను వస్తుంది, ఫోనులో కమిషనర్, కేసు మొదలు.

దీంట్లో మూడు సంగతులున్నాయి. ఒకటి, తుపాకీ ఆయుధం కాదు, పనిముట్టు. ఆరు ఎపిసోడ్లలోనూ అది మీ పెట్టెలోనే (మీ దగ్గరున్న వస్తువులు కనిపించే చోటు) ఉంటుంది. ఎక్కడైనా ఆగిపోయారంటే, తుపాకీ ఇంకా దేనిమీద వాడలేదో చూసుకోండి. అది పజిల్‌కి పనికి రాకపోయినా శామ్ ఏదో ఒకటి అంటాడు. రెండోది, కావలసిన వస్తువూ దాని జవాబూ చాలావరకు ఒకటి రెండు తెరల దూరంలోనే ఉంటాయి. ఎక్కడో మూల కనపడని నాలుగు పిక్సెళ్ల కోసం వెతికించే రకం కాదిది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: పాత్రలు ఒక వస్తువు గురించి వేసే జోకు చాలాసార్లు ఆ వస్తువును ఎలా వాడాలో చెబుతుంది. చీజ్‌కి చిల్లుల్లేవని నవ్వుకుంటూ విన్న మాటే అక్కడ జవాబు.

ఇదే పద్ధతి మొదటి ఎపిసోడ్ మధ్యలో ఇంకా బాగా పండుతుంది. బాలనటులుగా వెలిగి మరుగున పడ్డ ముగ్గురు, వాళ్ల పేరు సోడా పాపర్స్, ఎవరో హిప్నటైజ్ చేయడంతో కంటి వ్యాయామాల వీడియోలు ఊరంతా పంచుతుంటారు. దీని వెనకున్నవాడిని చేరాలంటే శామ్‌కి ఒక ప్రత్యేకమైన మానసిక రుగ్మత ఉన్నట్టు సిబిల్ ధ్రువీకరించాలి. సిరా మచ్చలు చూపించి ఏం కనిపిస్తోందని అడుగుతుంది, ఒక మాట అని దానికి తోచిన మాట చెప్పమంటుంది, ఆఖర్న కల. ఆ రుగ్మత లక్షణాలు ముందే కనుక్కుని, వాటికి సరిపోయేలా జవాబులివ్వాలి. ఇక్కడ తొందరపడి సరైన జవాబు కోసం పరిగెత్తకండి. మొదటిసారి మనసుకి తోచిందల్లా చెప్పండి, తప్పు జవాబులకీ సిబిల్ దగ్గర మాట సిద్ధంగా ఉంటుంది. తర్వాత తీరిగ్గా సరైనవి ఇవ్వొచ్చు. పరీక్ష తప్పినందుకు ఏ నష్టమూ లేదు.

నష్టం లేదన్న మాట మొత్తం ఆటకి వర్తిస్తుంది. వస్తువు వృథా చేసుకుని ముందుకెళ్లలేక ఇరుక్కుపోవడం, పాత్ర చనిపోయి మొదటినుంచి ఆడాల్సి రావడం లాంటివి లేవు. సేవ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసుకోవచ్చు. అయినా ఎపిసోడ్ మొదట్లో ఒకటి, మధ్యలో కొత్త చోటుకి వెళ్లగానే ఒకటి వేరువేరుగా దాచుకోండి. ఒకే సేవ్ మీద రాసుకుంటూ పోతే ఇంకో జవాబు ఎంచుకుంటే ఏమనేవారో వినడానికి వెనక్కి వెళ్లలేరు.

ఆగిపోతే ఏం చేయాలి

మౌస్ ఎడమ బటన్ ఒక్కటే ఈ ఆట. నడవడం, చూడడం, తీసుకోవడం, మాట్లాడడం అన్నీ దాంతోనే. పెట్టెలోంచి వస్తువు తీసి తెర మీద ఉన్నదాని మీద క్లిక్ చేస్తే వాడినట్టు. పెట్టెలో ఒకేసారి పట్టుమని పది వస్తువులు ఉండవు కాబట్టి, అన్నీ అన్నిటిమీదా ప్రయత్నించినా పెద్దగా టైమ్ పట్టదు. కానీ అది ఆఖరి దారి. దానికంటే ముందు ఇలా చూసుకోండి.

సంభాషణలో చదవని వాక్యం మిగిలిందా? ఆగిపోవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. పనికొచ్చే ముక్క ఒక్కోసారి మూడో నాలుగో ప్రశ్న వెనక ఉంటుంది. ఏదైనా పెద్ద మార్పు జరిగాక పాత పాత్రల దగ్గరికి మళ్లీ వెళ్తే కొత్త ప్రశ్నలు చేరి ఉంటాయి. ముఖ్యంగా బాస్కో, సిబిల్.

తర్వాత మ్యాక్స్. అతను మీ వెంటే తిరుగుతుంటాడు కాబట్టి జనం అలంకారం అనుకుని వదిలేస్తారు. అతని మీద క్లిక్ చేసి ఇప్పుడేం చేద్దామని అడిగితే డొంకతిరుగుడుగా ఒక సూచన ఇస్తాడు. ఈ సీజన్లో సూచన కావాలంటే వెళ్లాల్సిన చోటు మ్యాక్సే.

బాస్కో అమ్మే పరికరం. దాదాపు ప్రతి ఎపిసోడ్‌లోనూ అతను ఇంట్లో తయారుచేసిన ఏదో ఒక యంత్రం మీకు కావాలి, దానికతను ఆకాశాన్నంటే ధర చెబుతాడు. అంత డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్నదే ఒక పజిల్. మొదటిసారి వినగానే ఇది జోకే, కొనేది కాదు అనుకుని వెళ్లిపోవద్దు. నిజంగా కొనాలి. మొదటి ఎపిసోడ్‌లో డబ్బు దారి కారులో ఉంది: డెసోటో ఎక్కి, ముందు వెళ్లే బండి వెనక దీపాన్ని పేల్చి, ఆపి, దీపం పగిలిందని జరిమానా రాయడం. ఈ తర్కం అర్థమైతే శామ్, మ్యాక్స్ ఎలాంటి పోలీసులో అర్థమైనట్టే.

కారు గురించి ఇంకో మాట. నడపడం ఈ ఆటలో బలహీనమైన భాగం. బండి ఊగుతుంది, గురి కుదరదు, ఎన్నిసార్లు చేసినా అనుభవం అదే. తప్పు చేస్తే కొత్త మాట వినిపించని చోటు ఇదొక్కటే, అందుకే విసుగు వస్తుంది. కథకి అవసరమైనంత మేర చేసి దిగిపోండి.

ఎపిసోడ్లు ఒక్కొక్కటే

'కల్చర్ షాక్' పరిచయం. చిన్నది, తేలిక, కొంచెం బెరుకుగా మొదలవుతుంది. మ్యాక్స్ గొంతు ఇందులో ఆండ్రూ చైకిన్‌ది. రెండో ఎపిసోడ్ నుంచి విలియం కాస్టెన్. తేడా తెలుస్తుంది, ఒక అరగంటకి అలవాటవుతుంది. శామ్‌కి మొదటి నుంచి చివరి దాకా డేవిడ్ నౌలిన్. ఆ నిదానపు గొంతు లేకపోతే సగం జోకులు పేలవు.

'సిచ్యుయేషన్: కామెడీ' టీవీ స్టేషన్‌లో జరుగుతుంది. టాక్ షో నడిపే మైరా ప్రేక్షకుల్ని వదలకుండా బందీలుగా పట్టుకుంది. ఆవిడ షోలోకి అతిథులుగా వెళ్లాలంటే శామ్, మ్యాక్స్ ముందు పేరు తెచ్చుకోవాలి: సిట్‌కామ్‌లో నటించాలి, పాటల ఒప్పందం సంపాదించాలి, టాబ్లాయిడ్‌లో రచ్చకెక్కాలి. మూడు పనులూ ఏ వరసలోనైనా మొదలుపెట్టొచ్చు. ఒకచోట ఆగితే ఇంకో సెట్‌కి వెళ్లొచ్చు, అందుకే విసుగనిపించదు. అద్దె ఇంట్లో యజమానికి తెలియకుండా ఆవును దాచే సిట్‌కామ్ సెట్‌ను తీరిగ్గా చూడండి. ఇంటి యజమాని పాత్ర వేసేది కోడి. కెమెరా ఆన్ అయ్యాక మీరు ఎంచుకునే ప్రతి డైలాగూ ఆ సన్నివేశాన్ని ఇంకోలా చెడగొడుతుంది. అన్ని రకాలుగా చెడగొట్టి చూశాకే సరైన దారి పట్టండి.

'ద మోల్, ద మాబ్ అండ్ ద మీట్‌బాల్' ఆరింటిలో బక్కచిక్కినది. బొమ్మ ఎలుగుబంటి తలలు తగిలించుకున్న మాఫియా, వాళ్ల క్యాసినో. ఊహ బాగుంది, కానీ క్యాసినోలో చేయడానికి పని తక్కువ, మాట్లాడే మనుషులు తక్కువ. పజిల్స్ ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడతాయి కాబట్టి, ఒకటి తట్టకపోతే వేరే పని పెట్టుకోవడానికి వీలుండదు. ఇక్కడే సీజన్ వదిలేసినవాళ్లు ఉంటారు. వదలకండి, తర్వాతది వేరే స్థాయి.

'ఏబ్ లింకన్ మస్ట్ డై!' ఈ సీజన్‌కి శిఖరం. అమెరికా అధ్యక్షుడు హిప్నోసిస్‌లో ఉన్నాడు. వాషింగ్టన్‌లోని లింకన్ స్మారక విగ్రహం లేచి నడుస్తుంది. మ్యాక్స్ అధ్యక్ష పదవికి పోటీ చేస్తాడు. అంతవరకు వీధి గొడవల్లో ఉన్న ఇద్దరి చేతికి ఒక్కసారిగా దేశం వస్తుంది. రాసినవాళ్లు ఆ అవకాశాన్ని ఎక్కడా వదులుకోలేదు. వైట్‌హౌస్ కాపలా ఉన్న ఏజెంట్ సూపర్‌బాల్‌తో మాట్లాడడానికి ఎంతసేపైనా పెట్టొచ్చు. ముఖంలో ఏ కదలికా లేకుండా అతనిచ్చే జవాబులు మొత్తం ఆటలోనే అత్యంత నిగ్రహంగా రాసిన హాస్యం. జోకు తర్వాత జోకు పేర్చకుండా, ఒకే మనిషి ఒకే స్వరంలో ఎంత నవ్వించగలడో అక్కడ తెలుస్తుంది. పజిల్స్ కూడా పాత్రల స్వభావం నుంచే పుడతాయి: ఎదుటివాడు దేనికి లొంగుతాడో తెలిస్తే పని అయిపోయినట్టే.

'రియాలిటీ 2.0' మీద రెండు అభిప్రాయాలున్నాయి. మళ్లీ అదే వీధి, ఈసారి కళ్లద్దాలు పెట్టుకుంటే కనిపించే వర్చువల్ లోకంగా. కొత్త చోటు కట్టకుండా పాతదానికి రంగు మార్చారని కొందరికి కోపం. నా లెక్కలో అదే దీని బలం. మనకి బాగా అలవాటైన కొట్టు, బాగా తెలిసిన గోడ ఇంకో రూపంలో కనిపిస్తేనే తమాషా, తెలియని చోటుకి ఆ పని చేస్తే ఏముంది? ఇక్కడ ఆగిపోవడానికి ఒకే కారణం ఉంటుంది: కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి, అదే వస్తువు దగ్గరికి వెళ్లకపోవడం. రెండు లోకాల్లో దాని పని వేరు. పాత కాలపు ఆటల్ని ప్రేమగా ఆటపట్టించే చోట్లు చాలా ఉన్నాయి. చివర్లో బొమ్మలన్నీ పోయి తెర మీద ఉత్త అక్షరాలే మిగిలి, ఆట టెక్స్ట్ అడ్వెంచర్‌గా మారే ఘట్టం మొత్తం సీజన్‌లో అన్నిటికంటే ధైర్యమైన ఆలోచన.

'బ్రైట్ సైడ్ ఆఫ్ ద మూన్' చంద్రుడి మీద. అప్పటిదాకా చెదురుమదురుగా కనిపించిన హిప్నోసిస్ కేసులన్నీ ఇక్కడ ఒక దారానికి చేరతాయి. మ్యాక్స్‌లోని దుర్గుణాలు విడివిడి మ్యాక్స్‌లుగా తిరుగుతుంటాయి. బద్ధకం ఒకడు, దురాశ ఒకడు, తిండిపోతుతనం ఒకడు. ముగ్గురినీ దారికి తేవాలి. ముగింపు సరిపోయింది, కానీ నాలుగో ఎపిసోడ్ ఎత్తుకి చేరదు. ఎపిసోడ్లు ఏ వరసలో ఆడినా కథ అర్థమవుతుందన్న మాట కొంతవరకే నిజం. ఒకటీ రెండూ చూసి నచ్చకపోతే నాలుగు ఆడి చూడడంలో తప్పులేదు. ఆరోది మాత్రం ఐదూ అయ్యాకే.

రీమాస్టరా, పాతదా

టెల్‌టేల్ 2018లో మూతపడ్డాక, అక్కడ ఈ ఆటల మీద పనిచేసినవాళ్లలో కొందరు స్కంకేప్ గేమ్స్ పేరుతో హక్కులు తెచ్చుకుని, 2020 డిసెంబరు 2న ఈ సీజన్ రీమాస్టర్ విడుదల చేశారు. వెలుగు నీడలు కొత్తగా పరిచారు. పాత్రల మొహాలూ పెదవుల కదలికా సరిచేశారు. వెడల్పు తెరకి సరిపోయేలా దృశ్యాలు మళ్లీ కూర్చారు. కంట్రోలర్ కూడా పనిచేస్తుంది.

చెవికి తెలిసే తేడా కంటికి కనిపించేదానికంటే పెద్దది. 2006లో ఎపిసోడ్లు నెట్ నుంచి దించుకోవాలి కాబట్టి గొంతుల రికార్డింగ్‌ను బాగా కుదించారు, అందుకే పాతదాంట్లో గొంతులు డబ్బాలోంచి వచ్చినట్టుంటాయి. మాటల మీదే నడిచే ఆటకి అది చిన్న లోపం కాదు. రీమాస్టర్‌లో ఊపిరి కూడా వినిపిస్తుంది. జ్యారెడ్ ఎమర్సన్-జాన్సన్ కూర్చిన జాజ్ సంగీతం అప్పుడే విచ్చుకుంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి.

మార్చినవాటిలో రచన కూడా ఉంది. బాస్కోకి ఓగీ బ్యాంక్స్‌తో కొత్తగా గొంతు ఇప్పించారు, కాలం చెల్లిన కొన్ని జోకులు తీసేశారు లేదా మార్చారు. పాత ఆట వాక్యం వాక్యం గుర్తున్నవాళ్లకి అక్కడక్కడ తగులుతుంది. కొత్తవాళ్లకి తేడా తెలియదు. కొత్త గొంతు వేషాలన్నిటికీ చక్కగా అమరింది.

పాత డిస్కో, పాత ఇన్‌స్టాలరో మీ దగ్గర ఉంటే దాన్నీ నడిపించొచ్చు. విండోస్ 10, 11 మీద మొదలవ్వగానే డీ3డీఎక్స్9తో మొదలయ్యే ఫైలు లేదని ఎర్రర్ వస్తే కంగారు పడొద్దు. ఆ కాలం ఆటలు వాడుకున్న డైరెక్ట్‌ఎక్స్ 9 అదనపు ఫైళ్లు కొత్త విండోస్‌తో రావు. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో ఇచ్చిన డైరెక్ట్‌ఎక్స్ ఎండ్-యూజర్ రన్‌టైమ్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. కొత్త డైరెక్ట్‌ఎక్స్ ఉంది కదా అని ఈ మెట్టు దాటేయకండి, ఒకదాని పని ఇంకోటి చేయదు. ఒక్క ఫైలు మాత్రం ఎక్కడినుంచో దించి ఆట ఫోల్డర్‌లో పడేయడం కూడా వద్దు. దాని వెనకే ఇంకోటి అడుగుతుంది, పైగా ఆ సైట్లు నమ్మదగ్గవి కావు. పాతది 4:3 తెరల కాలం నాటిది కాబట్టి బొమ్మ అడ్డంగా సాగి, మ్యాక్స్ బంతిలా కనిపిస్తే, గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల్లో స్కేలింగ్‌ను 'యాస్పెక్ట్ రేషియో' మీద పెట్టండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ సరిగ్గా ఉంటుంది.

కంట్రోలర్ కంటే మౌస్ మేలు. స్టిక్‌తో శామ్‌ని నడిపిస్తుంటే దగ్గరున్న వస్తువే ఎంపికవుతుంది. మూలన ఉన్న చిన్న వస్తువులు తప్పిపోతాయి, వాటితోపాటే వాటి మాటలూ పోతాయి.

సబ్‌టైటిల్స్ విషయం మళ్లీ చెబుతున్నాను. మాటలు వేగంగా ఉంటాయి, శామ్ కావాలనే పొడవాటి పాత ఇంగ్లిష్ పదాలు పేర్చి మాట్లాడతాడు. చెవికి అందకపోయినా చదివితే అందుతాయి. అమెరికా టీవీ టాక్ షోలు, పాటల పోటీలు, అక్కడి రాష్ట్రాల మధ్య గిల్లికజ్జాలు, అప్పటి ఇంటర్నెట్ కంపెనీల హడావుడి మీద వేసిన జోకులు కొన్ని ఉన్నాయి. అవన్నీ తెలియకపోయినా పజిల్ ఆగదు, ఎందుకంటే జవాబు ఎప్పుడూ తెర మీద ఉన్న వస్తువులోనో మనిషిలోనో ఉంటుంది. బయటి జ్ఞానం అడిగే పజిల్ పెట్టకపోవడం ఈ సీజన్ రూపకర్తల మర్యాద.

తేలిక అన్న విమర్శ గురించి. నిజమే, అడ్వెంచర్ ఆటల్లో చేయి తిరిగినవాళ్లని ఇది ఎక్కువసేపు నిలబెట్టలేదు. రెండు, నాలుగు, ఐదు ఎపిసోడ్లలో మాత్రమే కాసేపు తల గోక్కునే చోట్లున్నాయి. కష్టమైన పజిల్స్ కోసమే ఈ రకం ఆటలు ఆడేవాళ్లకి ఇది ఆనదు. పాత్రల కోసం, మాటల కోసం ఆడేవాళ్లకి ఈ తేలికదనమే మేలు. గంటల తరబడి ఆగిపోతే ఎంత మంచి జోకైనా పదోసారి వినేసరికి చేదెక్కుతుంది.

ఈ ఆరూ నచ్చితే తర్వాతది 'బియాండ్ టైమ్ అండ్ స్పేస్', ఐదు ఎపిసోడ్లు, రీమాస్టర్ 2021 డిసెంబరులో వచ్చింది. సూచనలు ఎంత తరచుగా రావాలో అందులో మీరే పెట్టుకోవచ్చు. పజిల్స్ ఒక మెట్టు పైన ఉంటాయి, మొదటి సీజన్ పాత్రలు గుంపుగా తిరిగొస్తారు. అందుకే ముందు ఇది ఆడకుండా దాన్ని మొదలుపెట్టొద్దు. మూడోది 'ద డెవిల్స్ ప్లేహౌస్', దాని రీమాస్టర్ 2024 ఆగస్టులో వచ్చింది. అందులో కథ ఐదు ఎపిసోడ్లకీ కలిపి ఒకటే, కాబట్టి అక్కడ మాత్రం ఎపిసోడ్ల మధ్య ఎక్కువ రోజులు వదలకండి.